మోదుగు పువ్వుకు రంగు పెన్సిల్

మోదుగు పూరేకు వెలుపల సన్నటి నూగు ఉంటుంది. తడి రంగుతో ఆ నూగును పట్టాలంటే కుంచె మీద ఏళ్ల అదుపు కావాలి. బాగా చెక్కిన రంగు పెన్సిల్ మొన దాన్ని గీతగీతగా చూపిస్తుంది. మొక్కను ఉన్నదున్నట్టు చిత్రించే కళలో ఈ పెన్సిల్‌కు నీటిరంగులతో సమానమైన చోటు దక్కాలి. బ్రిటన్‌లో ఆన్ స్వాన్, అమెరికాలో వెండీ హోలెండర్ ఆ చోటు కోసమే బొమ్మలు వేశారు, పాఠాలు చెప్పారు, పుస్తకాలు రాశారు.

రంగుపొడిని మైనంతోనో నూనెతోనో కలిపి లెడ్ తయారు చేస్తారు. ఫేబర్-కాస్టెల్ 1908లో పాలిక్రోమోస్ పెన్సిళ్లను 60 రంగుల్లో తెచ్చింది, ఇప్పుడవి 120. ఎన్ని ఉన్నా పళ్లెంలో కలుపుకునే వీలు లేదు. రంగులు కాగితం మీదే, పొర మీద పొరగా కలవాలి. పనంతా అక్కడే ఉంది.

కాగితం నున్నగా ఉండాలి. మోదుగు రేకుకు ముందు లేత పసుపు, దానిపై నారింజ, ఆపైన ఎరుపు, చేతి బరువు మోపకుండా వేస్తారు. నీడకు నలుపు వాడితే పువ్వు మసిబారుతుంది. నారింజకు ఎదురురంగైన నీలాన్ని పలచగా వేస్తే నీడలోనూ పువ్వు జీవం పోదు. ఆకుపచ్చకు ఆ పని ఎరుపు చేస్తుంది. మెరుపున్న చోట కాగితాన్ని ముందే వదిలేయాలి, మైనం నిండాక తెలుపు తిరిగి రాదు. ఇక ఈనెలు. విస్తరాకులు కుట్టినవాళ్ల వేళ్లకు మోదుగు ఈనె బాగా తెలుసు. దాన్ని చూపడానికి మొద్దు మొన ఉన్న పరికరంతో కాగితంపై ముందే గాడి పెడతారు. పైన రంగు రుద్దితే గాడిలోకి దిగదు, ఈనె లేతగా నిలుస్తుంది. చివరికి లేతరంగు పెన్సిల్‌తో గట్టిగా రుద్ది మెరుగు పెడతారు. నిగనిగలాడే కాయకు అది అందం. నూగున్న రేకుకు మాత్రం అది చేటని నా అభిప్రాయం.

చవక పెన్సిళ్లలో చాలా రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. మంచి కంపెనీలు నిలకడను పెన్సిల్ మీదే నక్షత్రాలతోనో మరో గుర్తుతోనో సూచిస్తాయి. అది చూసి కొనాలి.

మొక్కల బొమ్మలు మనకు కొత్త కాదు. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉన్నప్పుడు స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోంచి ఎంచిన 300 బొమ్మలు 1795 నుంచి 1820 వరకు లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా వచ్చాయి. మన మోదుగు అందులో ఉంది. గీసిన చేతులు నీటిరంగులు వాడినా, వాటి బలం చూపులోనే ఉంది.

ఆ చూపును ఇప్పటి పిల్లలకు ఇవ్వడం కష్టం కాదు. బోటనీ లెక్చరర్లకు నా విన్నపం ఒకటే. రికార్డు కోసం పుస్తకంలోని బొమ్మను చూసి దించమనకండి. కాలేజీ ఆవరణలోని కొమ్మనే బల్ల మీద పెట్టి, పన్నెండు మంచి రంగు పెన్సిళ్లు ఇచ్చి గీయించండి.