టోపీ, తలపాగా

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టరు పార్వతీశం’ (మొదటి భాగం, 1924)లో మొగల్తూరు యువకుడు మద్రాసులో తెలియక దొరసానుల టోపీ కొని నవ్వులపాలవుతాడు. ఈ ఘట్టాన్ని మనం వట్టి అమాయకత్వపు హాస్యంగానే చదువుతున్నాం. గాంధీ ఆత్మకథలోని దక్షిణాఫ్రికా అధ్యాయాల పక్కన పెట్టి చూస్తే మరో అర్థం స్ఫురిస్తుంది. 1893లో డర్బన్ కోర్టులో తలపాగా తీయమంటే ఆయన బయటికి నడిచారు. 1894లో న్యాయవాదుల సంఘం అభ్యంతరాన్ని తోసిపుచ్చి నేటాల్ సుప్రీంకోర్టు ఆయనను అడ్వకేటుగా చేర్చుకుంది. అక్కడ మాత్రం కోర్టు నియమానికి లోబడి తలపాగా తీశారు. అంటే పరదేశంలో బారిస్టరుకు పట్టా ఒక్కటే చాలదు, తల మీదిది కూడా పరీక్షకు నిలుస్తుంది. పార్వతీశం వేషం మార్చుకోవడానికి తొందరపడ్డాడు. గాంధీ ఎక్కడ తగ్గాలో తూచి చూశారు. ఆ టోపీ ఘట్టంలో మొక్కపాటి ఈ తూకం జోలికి పోలేదు. అక్కడ అవమానం నవ్వులో కరిగిపోతుంది. అదే ఆ ఘట్టానికి బలం, పరిమితీ. పరభాషా ప్రాంతంలో పెరిగిన మన విద్యార్థులు ఈ తూకం ఎరుగుదురు. నవలను ఆ ఎరుకతో మళ్లీ చదవాలి.