రంగు పుట్టే గుడ్డ

శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు నల్లగీత గీయడానికి కలం ముంచే కుండలో నల్లరంగు ఉండదు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ రెండు మూడు వారాలు నానబెట్టి వడకట్టిన పలచని నీరు ఉంటుంది. గుడ్డలోనూ నలుపు లేదు. కరక్కాయ పొడి, పచ్చి గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టడం వల్ల అది లేత పసుపు ఛాయలో ఉంటుంది. కలం మొన తగిలిన చోట గీత నల్లబడటం మొదలవుతుంది, గాలి తగిలేకొద్దీ చిక్కబడుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఉతికినా గుడ్డను వదలదు.

రసాయన శాస్త్రం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మొదటి పాఠం నాకు తెలియదు. పంచదార నీళ్లలో కరిగితే అది మిశ్రమం. నీటిని ఇగరబెడితే పంచదార మళ్లీ చేతికొస్తుంది. కరక్కాయ, ఇనుము కలిసి నలుపైనప్పుడు జరిగింది వేరు. పరమాణువుల మధ్య కొత్త బంధాలు ఏర్పడ్డాయి, మునుపు లేని పదార్థం పుట్టింది. అదే రసాయన చర్య. ఏ పదార్థం దేనితో తయారైంది, అది మరొకదానిగా ఎందుకు మారుతుంది, ఎంత వేగంగా మారుతుంది అన్నవే ఈ శాస్త్రం అడిగే ప్రశ్నలు. పాఠ్యపుస్తకం వీటిని శాఖలుగా విడదీసి చెబుతుంది. కలంకారీలో ఆ శాఖలన్నీ ఒకే గుడ్డ మీద పనిచేస్తాయి.

ఇనుము, పటిక

లోహాలు, లవణాలు, ఖనిజాల సంగతి చూసేది అకర్బన రసాయన శాస్త్రం. కలంకారీలో ఈ శాఖకు చెందిన ముఖ్యమైన వస్తువులు రెండు: ఇనుము, పటిక. కరక్కాయలో టానిన్లు అనే వగరు పదార్థాలు దండిగా ఉంటాయి. ఇనుప నీటిలోని ఇనుము ఆ టానిన్లను పట్టుకుని, గాలిలోని ఆక్సిజన్ తగిలాక, నీళ్లలో కరగని నల్లని సంయోగ పదార్థంగా మారుతుంది. కరక్కాయనూ అన్నభేదినీ కలిపి మన పెద్దలు సిరా కాచుకున్నది కూడా ఈ చర్యతోనే. అన్నభేది అంటే ఇనుము సల్ఫేటే.

పటిక పొటాషియం, అల్యూమినియంల జంట సల్ఫేటు. ఎరుపు కావలసిన చోట కళాకారుడు రంగులేని పటిక నీటితో గీస్తాడు. అందులోని అల్యూమినియం ఒకవైపు గుడ్డనూ దానికి పట్టిన టానిన్‌నూ, మరోవైపు తర్వాత రాబోయే రంగు అణువునూ పట్టుకుంటుంది. ఇలా రంగును గుడ్డకు కట్టిపడేసే లవణాన్ని మోర్డంట్ అంటారు. నూలు గుడ్డకు వేళ్ల నుంచి తీసిన రంగులు వాటంతట అవి గట్టిగా అంటవు కాబట్టి, మోర్డంట్ లేకపోతే రెండు ఉతుకులకే బొమ్మ వెలిసిపోతుంది.

వేరులోని ఎరుపు

కార్బన్ సమ్మేళనాలను చదివేది కర్బన రసాయన శాస్త్రం. వేళ్లలో, బెరళ్లలో, పూలలో ఉండే రంగులన్నీ దీని కిందికే వస్తాయి. మచిలీపట్నం అద్దకాలకు పేరు తెచ్చిన ఎరుపు చిరివేరు అనే మొక్క వేరుది. ఆ వేరులో ఉండే ముఖ్యమైన రంగు పదార్థం అలిజరిన్. మూడు కార్బన్ వలయాలు పక్కపక్కనే అతుక్కుని ఉండే అణువు అది, దాని ఫార్ములా C₁₄H₈O₄. విడిగా చూస్తే నారింజ ఛాయలో ఉంటుంది. అల్యూమినియంతో కలిస్తే ఎర్రబడుతుంది, ఇనుముతో కలిస్తే ఊదా రంగుకు తిరుగుతుంది. గుడ్డంతటినీ ఒకే కాగులో ఉడికించినా పటిక ఉన్నచోట ఒక రంగు, ఇనుము ఉన్నచోట మరో రంగు తేలడానికి కారణం ఇదే. కృష్ణా డెల్టాలో గవ్వల సున్నం కలిసిన నేలల్లో పెరిగిన చిరివేరుకు ఒకప్పుడు ఎంతో గిరాకీ ఉండేది. అల్యూమినియంతో పాటు కాల్షియం కూడా చేరితే అలిజరిన్ ఎరుపు మరింత నిలుస్తుందని తర్వాత రసాయన శాస్త్రం తేల్చింది.

జీవులలో తయారయ్యే పదార్థాలు ప్రయోగశాలలో తయారు కావన్న నమ్మకాన్ని 1828లో వోలర్ యూరియాను తయారుచేసి కదిలించాడు. 1868లో గ్రేబ్, లీబర్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు తారు నుంచి వచ్చే ఆంత్రసీన్‌తో అలిజరిన్‌ను తయారుచేశారు. వేరు నుంచి వచ్చినా తారు నుంచి వచ్చినా అణువు ఒకటే. శాస్త్రానికి అది గొప్ప విజయం. కానీ కారుచౌకగా ఫ్యాక్టరీ రంగు దిగడంతో మన తీరంలో చిరివేరు సాగు మూలపడింది.

కుండలో పులిసేది

సజీవ కణాలు నడిపే చర్యలు జీవరసాయన శాస్త్రానివి. ఇనుప ముక్కల కుండలో బెల్లం ఎందుకంటే సూక్ష్మజీవుల కోసమే. ఈస్టు బెల్లంలోని చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఆపైన ఒక జాతి బాక్టీరియా ఆ ఆల్కహాల్‌ను ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌లో ఉండే పులుపుగా, మారుస్తుంది. ఆ ఆమ్లం ఇనుమును కరిగించి ఇనుము ఎసిటేట్‌ను ఇస్తుంది. ఇది సాధు స్వభావం ఉన్న లవణం కాబట్టి నూలు పోగును పెద్దగా తినేయదు. గాఢ ఆమ్లంతో ఇనుమును త్వరగా కరిగించవచ్చు గానీ, గీత గీసిన చోట గుడ్డ చివికిపోతుంది. అన్ని రోజులు ఓపిక పట్టడం వెనుక ఉన్న లెక్క ఇది. పాలకూ పని ఉంది. వాటిలోని కొవ్వు పోగుల మధ్య చేరి రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది.

ఏటి నీటి పని

వేడి, గాఢత, వేగం, సమతాస్థితి వంటివి భౌతిక రసాయన శాస్త్రం చూస్తుంది. పటికతో గీసిన గుడ్డను ఆరబెట్టాక పారే నీటిలో జాడించాలి. గుడ్డకు పట్టని పటిక వదిలిపోవడానికే ఈ జాడింపు. నిలవ నీటిలో వేస్తే వదిలిన పటిక ఆ నీటిలోనే పేరుకుని, తెల్లగా ఉండాల్సిన చోటుకు వెళ్లి పడుతుంది. తర్వాత అక్కడ కూడా ఎరుపు మరకలు తేలతాయి. పారే నీరైతే వదిలినదాన్ని వదిలినట్టే మోసుకుపోతుంది. అందుకే కాళహస్తి పనికి స్వర్ణముఖి నది ఒక పనిముట్టు. ఏరు ఎండితే కలంకారీ పని కుంటుపడుతుంది.

కలం కూడా ఈ లెక్కలోదే. వెదురు పుల్లను చెక్కి, మొనకు కాస్త పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగును పీల్చుకుంటుంది. వేళ్లతో నొక్కిన కొద్దీ మొనకు దిగుతుంది. సన్నగీతా లావుగీతా ఆ ఒత్తిడిలోనే ఉన్నాయి.

పదార్థంలో ఏముంది, ఎంత ఉంది అని తేల్చేది విశ్లేషణ రసాయన శాస్త్రం. నీటిలో ఇనుము ఉంటే ఎరుపు మసకబారుతుంది. కరక్కాయ పట్టించిన గుడ్డ ముక్క మీద ఆ నీటిచుక్క వేసి చూస్తే, ఇనుము తగినంత ఉన్నచోట మరక నల్లబడి గుట్టు చెబుతుంది. రెండు వేల ఏళ్ల కిందట రోమన్ రచయిత ప్లినీ కూడా టానిన్ రసంలో తడిపిన పాపిరస్‌తో ఇనుము కల్తీని పట్టే పరీక్షను రాసిపెట్టాడు. ఇవాళ్టి పరీక్ష కాగితాలన్నీ ఆ దారిలోనివే.

విద్యకు విలువ

ఈ విద్య విలువ యూరప్‌కు ముందే తెలిసింది. అద్దకపు గుడ్డల ధాటికి సొంత నేతగాళ్లు దెబ్బతింటారని ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా వాటిని నిషేధించింది. ఆ మధ్యలోనే, 1734లో, బోలియూ అనే ఫ్రెంచి నావికాధికారి పుదుచ్చేరిలో అద్దకం పని దగ్గరుండి చూసి, ఒక్కో దశలో గుడ్డ ముక్క కత్తిరించి వివరాలు రాసి పంపాడు. 1742లో తెలుగు, సంస్కృతాలు తెలిసిన కేర్దూ అనే జెసూట్ మతగురువు కూడా ఈ అద్దకం వివరాలు రాసి పంపాడు. మన పనివారి చేతుల్లో ఉన్నది పరిశ్రమ రహస్యమని వాళ్లు గుర్తించారు. మనం మాత్రం దాన్ని బొమ్మలు వేసే నేర్పుగా మెచ్చుకుని ఊరుకుంటున్నాం. ఇరవైకి అటూ ఇటూ దశలు నడిచిన గుడ్డకు, ఒక్క రోజులో యంత్రం మీద అచ్చేసిన నకలుకు కట్టే ధరే కడుతున్నాం.

ఈ రెండో తప్పు కొనేవాళ్లు దిద్దాలి. మొదటిది బడి దిద్దగలదు. ఈ చర్యలను హైస్కూల్లో చేసి చూపడానికి ఖరీదైన లాబ్ అక్కర్లేదు. తుప్పు మేకులను వారం రోజులు వెనిగర్‌లో నానబెట్టాలి. కరక్కాయ నీళ్లలో ఒక నూలు గుడ్డను తడిపి ఆరబెట్టి, దాని మీద ఆ ఇనుప నీటితో గీత గీయాలి. మరో గుడ్డ మీద ఒకచోట పటిక నీరు, ఒకచోట ఇనుప నీరు పెట్టి, ఆరాక బాగా జాడించి, ఎర్రరంగునిచ్చే మంజిష్ఠ వేరు పొడి వేసిన నీళ్లలో సన్న సెగ మీద ఉంచాలి. పటిక చోట ఎరుపు, ఇనుము చోట ముదురు రంగు, ఏమీ పెట్టని చోట వెలిసిపోయే ఛాయ పిల్లలే చూస్తారు. ఎందుకు అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఐదు శాఖలూ కావాలి. ఒక్కో సమీకరణం బోర్డు మీదికి ఎక్కేలోపు దాని ఫలితం వాళ్ల చేతిలో ఉంటుంది. కాళహస్తిలోనో పెడనలోనో పనిచేస్తున్న కళాకారుణ్ణి ఒక్కపూట తరగతికి పిలిచి, ఆ పూటకు గౌరవంగా పారితోషికం ఇవ్వగలిగితే, పాఠం చెప్పడానికి అంతకంటే తగిన రసాయన శాస్త్ర గురువు దొరకడు.