అచ్చంగా అదే వార్త

కొన్ని రచనలు బావున్నాయని చెప్పడానికి నోరు రాదు. అమెరికా వ్యంగ్య పత్రిక ‘ది ఆనియన్’లో 2014 మేలో వచ్చిన ఒక చిన్న వార్త అలాంటిది. కాలిఫోర్నియాలోని ఐలా విస్టాలో ఒకడు ఆరుగుర్ని చంపి తానూ చచ్చిన కొద్ది రోజులకి వచ్చింది. రాసినాయన జేసన్ రోడర్. సారాంశం ఇంతే: ఇలాంటివి మాటిమాటికీ జరిగే దేశం భూమ్మీద ఒకటే ఉంది, వీటిని ఆపడం ఎవరి తరమూ కాదని ఆ దేశపు జనమే తేల్చేశారు.

మొదటిసారి చదివినప్పుడు ఇందులో ఏముందిలే అనిపించింది. అతిశయోక్తి లేదు, గుర్తుండే పాత్ర లేదు. సంగతి తర్వాత అర్థమైంది. మరో ఊళ్ళో కాల్పులు జరిగితే పత్రిక కొత్తగా ఏమీ రాయలేదు. అదే వార్తలో ఊరి పేరు, తేదీ, మృతుల లెక్క మార్చి మళ్ళీ వేసింది. ఆ తర్వాత ఇంకోసారి. మరోసారి. 2022 మేలో టెక్సస్‌లోని ఉవాల్డే బడిలో 19 మంది పిల్లలూ ఇద్దరు టీచర్లూ చనిపోయినప్పుడు, అప్పటిదాకా వేసినవన్నీ ముఖపేజీ నిండా వరసగా పేర్చింది. విడివిడిగా చూస్తే ఒక్కటీ నవ్వు తెప్పించదు. ఆ వరస చూస్తే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది.

ఎందుకిలా చెయ్యాల్సొచ్చింది? వ్యంగ్యానికి పాత సూత్రం ఒకటుంది. ఎదుటివాడి వాదన ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, ఇంకో రెండడుగులు ముందుకి నడిపించి గోతిలో పడెయ్యడం. 1729లో స్విఫ్ట్, ఐర్లండ్ పేదలు తమ పసిపిల్లల్ని ధనవంతుల భోజనానికి అమ్ముకోవచ్చని తాపీగా సలహా ఇచ్చింది ఈ పద్ధతిలోనే. మరి తుపాకి హక్కుని ఎంతదూరం నడిపిస్తే గొయ్యి వస్తుంది?

మైకల్ మూర్ ‘బౌలింగ్ ఫర్ కొలంబైన్’ (2002) మొదట్లోనే ఒక బ్యాంకుకి వెళ్తాడు. అకౌంట్ తెరిచినవాళ్ళకి తుపాకి ఇచ్చే బ్యాంకు. కల్పన కాదు, నిజం బ్యాంకే. 2018లో సాషా బారన్ కోహెన్ ‘హూ ఈజ్ అమెరికా?’లో ఇజ్రాయెల్ భద్రతా నిపుణుడి వేషం కట్టి, బడుల్లో కాల్పులు ఆగాలంటే చిన్నపిల్లల చేతికే తుపాకులివ్వాలన్నాడు. కుక్కపిల్ల బొమ్మ తొడిగిన పిస్తోలు కూడా చూపించాడు. ఇక్కడైనా గొయ్యి ఉంటుందనుకుంటాం. లేదు, రోడ్డు సాఫీగా ముందుకి పోతూనే ఉంది! పదవిలో ఉన్న కాంగ్రెస్ సభ్యులూ ఒక మాజీ సెనేటరూ కెమెరా ముందుకొచ్చి వత్తాసు పలికారు. మమ్మల్ని మోసం చేశారని తర్వాత కొందరు వాపోయారనుకోండి.

గురజాడ ‘కన్యాశుల్కం’ రాసిన రోజుల్లో ఆయనకి ఒక భరోసా ఉండేదనుకుంటాను. నాటకం చూసేవాళ్ళకి లోపల ఎక్కడో సిగ్గు ఉందన్న భరోసా. అతిశయోక్తి పనిచేసేది ఆ సిగ్గు మీదే. అది లేనిచోట వ్యంగ్యకారుడు ఎంత పెంచి చెప్పినా అవతలివాడు ‘అవును, అయితే ఏంటట?’ అంటాడు. రోడర్ ఈ సంగతి పట్టుకున్నాడు. పెంచడం మానేసి, ఉన్నదున్నట్టు రెండు నిజాలు పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు. వాటి మధ్య ‘కాబట్టి’ పెట్టే పని మనకి వదిలేశాడు.

తమాషా ఏంటంటే, ఈ గొడవంతా మొదలైంది కూడా అలాంటి ‘కాబట్టి’ దగ్గరే. 1791 నాటి అమెరికా రాజ్యాంగ రెండో సవరణ మొత్తం ఒకటే వాక్యం. మొదటి సగంలో, స్వేచ్ఛగల రాజ్యం భద్రంగా ఉండాలంటే కట్టుదిట్టమైన పౌరసైన్యం అవసరమని ఉంటుంది. రెండో సగంలో, ప్రజల ఆయుధాల హక్కుకి భంగం కలగకూడదని ఉంటుంది. ఇంగ్లీషులో ఈ రెంటినీ కలిపే మాట విడిగా కనపడదు. తెలుగులోకి తెచ్చి చూడండి, మధ్యలో ‘కాబట్టి’ అనో ‘కనుక’ అనో పెట్టందే వాక్యం నిలబడదు. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో, మొదటి సగం ఉద్దేశాన్ని చెప్తుందే గాని రెండో సగానికి హద్దు గియ్యదని తేల్చింది. ఇంట్లో ఆత్మరక్షణకి తుపాకి ఉంచుకోవడం వ్యక్తి హక్కు అంది. ఆ హక్కు అపరిమితం కాదని కూడా అదే తీర్పులో ఉంది. కానీ ఆ మాట జెండాల మీద, టీషర్టుల మీద కనపడదు.

ఇంత మెచ్చుకున్నాక నాకున్న పేచీ కూడా చెప్పాలి. పదేపదే వేసిన ఆ వార్తకి మనం అలవాటు పడిపోయాం. కాల్పులు జరిగితే నాయకులు సంతాపాలు, ప్రార్థనలు పంపినట్టే, మాలాంటివాళ్ళం ఆనియన్ లింకు పంపుతాం. పంపగానే ఏదో చేసేసినట్టు ఉంటుంది. దేన్ని వెక్కిరించడానికి పుట్టిందో ఆ తంతులో అదీ ఒక భాగమైంది.

2023 మే 6న డాలస్ పక్కన ఆలెన్‌లో ఒక షాపింగ్ మాల్‌లో ఎనిమిది మందిని కాల్చి చంపారు. వాళ్ళలో మన హైదరాబాదు అమ్మాయి, ఇంజనీరు, ఒకరు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు బోలెడుమంది, నా స్నేహితులు కూడా ఉన్నారు. వార్త చూడగానే నేను చేసిన మొదటి పని వాళ్ళకి ఫోన్ చెయ్యడం కాదు. ఆనియన్ వేసిందా లేదా అని చూడ్డం. ఆ తర్వాతే వాళ్ళు గుర్తొచ్చారు. ఫోనెత్తిన వాడి గొంతు వినపడేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

సిగ్గు లేనివాళ్ళ గురించి పైన రాశాను. ఆ జాబితాలో ఆరోజు నేనూ ఉన్నాను. ఆ చిన్న వార్త రాసింది తుపాకులున్నవాళ్ళ కోసమే అనుకుంటూ ఇన్నేళ్ళూ చదివాను. ఆపడం మా వల్ల కాదని అందులో చేతులెత్తేసిన జనం ఎవరో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.