కూతంటే రాహుల్‌దే

రన్నింగ్ హ్యాండ్ టచ్ అంటే ఏమిటో తెలియాలంటే ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ జట్టు తొలి సీజన్లలో రాహుల్ చౌదరి ఆట చూడాలి. కూత పెడుతూ వెళ్తాడు. అవతలి సగంలోని బాక్ లైను దాటుతాడు. ఇక చాల్లే, తిరిగి వచ్చేద్దాం అన్నట్టు ఒళ్లు మధ్యగీత వైపు తిప్పుతాడు. పోతున్నాడులే అనుకుని కార్నర్‌లో ఉన్నవాడు ఒక్క అడుగు ముందుకేస్తాడు. అంతే. అంతసేపూ నడుము పక్కన ఊరికే వేలాడిన చెయ్యి సర్రున వెనక్కి సాగి వాడి భుజం తాకుతుంది. అప్పటికే పరుగు మొదలైపోయి ఉంటుంది. అవతలివాళ్లు గుంపుగా మీద పడేలోపు రాహుల్ గీత దాటి నవ్వుతుంటాడు. ఇంత శుభ్రమైన హ్యాండ్ టచ్ ప్రో కబడ్డీలో మళ్లీ రాలేదని నా గట్టి నమ్మకం. పట్టేవాళ్ల చేతుల కింద నుంచి దూరిపోయే పర్దీప్ నర్వాల్ డుబ్కీ గొప్పదే, 2017లో ఒక్క కూతలో 8 పాయింట్లు తెచ్చిన మొనగాడతను. అయినా నా ఓటు రాహుల్‌కే.

రాహుల్ ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లా పల్లెలో 1993లో పుట్టాడు. గాంధీనగర్‌లోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో అతణ్ని సాన పట్టారు. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యేనాటికి 21 ఏళ్లు.  ఆ తొలి వేలంలో టైటాన్స్ ఎక్కువ డబ్బు పోసింది దీపక్ నివాస్ హుడా మీద, 12.6 లక్షలు. కానీ జనం కళ్లన్నీ రాహుల్ మీదే నిలిచాయి. మొదటి సీజన్‌లోనే 151 రైడ్ పాయింట్లు. అప్పటికే పేరు మోసిన అనూప్ కుమార్‌వి 155. పేరున్న పెద్దవాడికి నాలుగు పాయింట్ల దూరంలో నిలిచాడు కొత్త కుర్రాడు. 2015లో జట్టును సెమీస్ దాకా తెచ్చాడు. అక్కడ బెంగళూరు బుల్స్ చేతిలో 39-38, ఒకే ఒక్క పాయింటు! ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది. 2016 నాలుగో సీజన్‌లో 146 పాయింట్లతో ఉత్తమ రైడర్ అయ్యాడు. ప్రో కబడ్డీలో 500 రైడ్ పాయింట్లు అందరికంటే ముందు దాటింది కూడా అతనే.

ఈ ఆట ఎంత పాతదో మా కొత్తగూడెం జిల్లా ములకలపల్లి వైపు పెద్దలను అడిగితే పద్మవ్యూహంలో అభిమన్యుడి దగ్గర మొదలుపెడతారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ప్రదర్శించారు, 1990లో ఆసియా క్రీడల్లో చేర్చారు. చరిత్రకు ఇంత చాలు. నాకు కావలసింది కాళ్లు.

కోర్టు 13 మీటర్లు, మనకు సగం, వాళ్లకు సగం. మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దగ్గర బాక్ లైను, ఇంకో మీటరు లోపల బోనస్ గీత. బోనస్ కోసం గీత దాటి పెట్టిన కాలి మునివేళ్ల మీదే బరువంతా ఉండాలి, రెండో కాలు గాలిలో ఉండాలి. మడమ నేలకానిందా, చీలమండ పట్టేవాడికి పండగే. టో టచ్‌లో ఒక చెయ్యి నేలకు ఆనించి కాలు చాచుతారు. ఆ కాలు పైకి లేస్తే పట్టేస్తారు, నేలను రాసుకుంటూ పోవాలి. పాత ఆటగాళ్లు పట్టేవాళ్లకు చెప్పేదొకటే: రైడర్ కళ్లు, చేతులు చూడకు, నడుము చూడు. చేతులు మోసం చేస్తాయి, నడుము చెయ్యలేదు. రాహుల్ గొప్పతనం అక్కడే, నడుముతో కూడా మోసం చేశాడు. అతని పక్కనే ఆడిన ఇరాన్ కుర్రాడు మెరాజ్ షేక్ అయితే వీపు తిప్పి నిలబడి తేలులా వెనక్కి కాలు విసిరి తాకేవాడు. ఆ ఇద్దరూ ఒకే జట్టులో, మన జట్టులో!

మునివేళ్ల మీద ఆట మ్యాట్ మీద రాదంటాను నేను. మట్టిలోనే వస్తుంది. సంక్రాంతికి మా మండలంలో కోత కోసిన చేలల్లో సున్నం గీతలు వేసి ఆడే చెడుగుడులో బూట్లుండవు, ఒక్కో కూతకు 30 సెకన్ల గడియారం ఉండదు. ఊపిరి ఉన్నంతసేపే కూత. ఊపిరి తెగితే ఔట్. అందుకే మా మండలపు కోయ గిరిజన కుర్రాళ్ల ఛాతీలో అంత దమ్ము. అడవి దారుల్లో నడిచిన కాళ్లకు మునివేళ్ల పట్టు ఒకరు నేర్పాల్సిన పని లేదు.

మరి ఇప్పుడు టోర్నీల్లో చూస్తున్నదేమిటి? కూతకు వెళ్లి గీత దగ్గరే తచ్చాడి, తొడ రెండుసార్లు చరిచి, 30 సెకన్లు గడిపేసి ఖాళీ చేతులతో తిరిగి రావడం! రెండు కూతలు ఖాళీగా పోయి మూడోసారి చావో రేవో అన్నప్పుడు మాత్రం గుడ్డిగా దూకడం! ఇదా ఆట? టీవీలో స్టార్లను చూసి జుట్టు కత్తిరింపు నేర్చుకున్నారు, కాలు పెట్టడం నేర్చుకోలేదు. ఊరి టోర్నీల్లో డీజే పెట్టెలకు పోసే డబ్బులో సగం పెట్టినా నేల చదును చేసి మెత్తటి మట్టి పోయవచ్చు. అవన్నీ వదిలి పక్క జిల్లాల నుంచి ఆటగాళ్లను కిరాయికి తెచ్చి కప్పు గెలిచామని బ్యానర్లు కడుతున్నారు. ఊరి కుర్రాడు గీత బయట చప్పట్లు కొడుతున్నాడు. సిగ్గుచేటు. 2018 ఆసియా క్రీడల సెమీస్‌లో ఇరాన్ మనల్ని 27-18తో మట్టి కరిపించిందంటే ఎందుకనుకున్నారు? వాళ్లు కాళ్ల పని నేర్చుకున్నారు, మనం గొప్పలు చెప్పుకుంటూ కూర్చున్నాం.

పెద్ద జట్లదీ అదే దారి. టైటాన్స్ వాళ్లు 2018లో 1.29 కోట్లు పెట్టి నిలుపుకున్న రాహుల్‌ను మరుసటేడాది వేలంలో తమిళ్ తలైవాస్‌కు వదిలేశారు. తర్వాత 8, 9, 10 సీజన్లలో వరసగా పట్టికలో అట్టడుగున పడ్డాం. రైడర్ పవన్ సెహ్రావత్‌కు 2.605 కోట్లు పెట్టిన ఏడాది కూడా అదే గతి. పవన్ మహా ఆటగాడే, తప్పు అతనిది కాదు. చొక్కా మీద తెలుగు అని రాసుకున్న జట్టులో తెలుగు కుర్రాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సి రావడమే నా బాధ.

పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన పిల్లలకు క్రీడా పాఠశాల ఉంది. ఆశ్రమ పాఠశాలల మైదానాలున్నాయి, భద్రాచలంలో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది. అయ్యా, పెద్ద భవనాలు అడగడం లేదు. మండలానికొక మట్టి కోర్టు, జిల్లాకు నాలుగు మ్యాట్లు, మట్టిలో ఆడి మ్యాట్‌కు అలవాటు పడిన పాత ఆటగాడు ఒకరు జీతానికి.  టైటాన్స్ వాళ్లూ, ఎంపిక పోటీలు ఒక్కసారి కొత్తగూడెంలో పెట్టండి. బస్సు ఛార్జీలు లేక ఆగిపోయే కుర్రాడు నడిచైనా వస్తాడు. వచ్చినవాడిని ముందు బూట్లు విప్పమని, మట్టిలో ఒక్క ఊపిరిలో కూత పెట్టమని అడగండి.