లక్ష రూపాయల పరువు

మైపాడు వెళ్ళాలంటే నాకెప్పుడూ బస్సే. నెల్లూరులో మైపాడు గేటు దాటి, ఇందుకూరుపేట మీదుగా ఇరవై పైచిలుకు కిలోమీటర్లు. కిందటి కార్తీకమాసంలో సముద్రస్నానానికి మాత్రం మా వదిన తన నానో కారులో తీసుకెళ్ళింది. వెనక సీట్లో నేనూ, నా ఒళ్ళో పులిహోర డబ్బా. అంత బుల్లి కారులోనూ నా మోకాళ్ళు ముందు సీటుకు తగల్లేదు. పుస్తకాలకు సమీక్షలు రాసే చెయ్యి కదా, ఊరుకోలేదు. ఈ కారునీ ఒకసారి సమీక్షిస్తే ఏం పోయింది అనిపించింది.

కథ ఎత్తుగడ బాగుంది. వానలో ఒకే స్కూటరు మీద తల్లీ తండ్రీ పిల్లలూ తడుస్తూ పోవడం చూసి రతన్ టాటాకి పుట్టిన ఆలోచన ఇది. 2008 జనవరిలో ఢిల్లీ ప్రదర్శనలో లక్ష రూపాయల కారని చూపిస్తే ప్రపంచమంతా ముక్కు మీద వేలేసుకుంది. ఆ ఏడే సింగూరులో భూముల గొడవ వచ్చి, ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సాణందుకు తరలిపోయింది. అయినా 2009లో రెండు లక్షల మందికి పైగా ముందే డబ్బు కట్టారు. మొదటి లక్ష బళ్ళు ఎవరికివ్వాలో లాటరీ తీసి తేల్చారు. అంత ఆర్భాటంగా మొదలైన కథ పదేళ్ళు తిరక్కుండానే, 2018లో, తయారీ ఆపేసే దాకా వచ్చింది. ఎందుకని?

ఏమాట కామాటే చెప్పుకోవాలి, పనితనంలో లోటు పెద్దగా లేదు. పొడవు మూడు మీటర్ల పది సెంటీమీటర్లు. రెండు సిలిండర్ల చిన్న ఇంజను వెనక సీటు కిందకి చేరింది. చక్రాలు నాలుగు మూలలకూ జరిగాయి. దాంతో మనుషులకు చోటు మిగిలింది. సంతపేట సందుల్లో పెద్ద కార్లు ముందుకూ వెనక్కూ ఆపసోపాలు పడే మలుపుల్లో మా వదిన చక్కా తిప్పేస్తుంది.

లోపాలూ ఉన్నాయి. మొదట్లో వచ్చిన బళ్ళకి వెనక తలుపు తెరుచుకోదు. సామాను పెట్టాలంటే లోపల్నించే సీటు మడవాలి. పెట్రోలు పోయించాలంటే ముందు బానెట్ ఎత్తాలి. అన్నిటికన్నా చవక రకానికి అద్దం డ్రైవరు వైపు ఒక్కటే. స్టీరింగు తేలిగ్గా తిరిగే ఏర్పాటు 2014లో గానీ, తెరుచుకునే వెనక తలుపు 2015లో గానీ రాలేదు. స్కూటరు వెనక కూర్చున్న తల్లిని చూశారు గానీ, ఆమె చేతిలోని కూరల సంచీని చూడలేదన్నమాట!

అయితే ఆ కారు నడక ఆపింది ఈ లోపాలు మాత్రమే కాదు, దానికి పెట్టిన పేరు కూడా. నానో అన్న పేరు కాదు, ‘అన్నిటికన్నా చవక’ అన్న పేరు. అలా ప్రచారం చేయడం పొరపాటేనని తర్వాత రతన్ టాటాయే ఒప్పుకున్నారు. పట్టుచీర కొనుక్కున్నప్పుడు ధర తక్కువని మురిసిపోతాం గానీ, ఆ చీటీ కొంగుకి కట్టుకుని పేరంటానికి వెళ్తామా?

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. మా అన్నయ్య 2011లో ఈ కారు కొన్నాడు. అంతకుముందు ఇద్దరు పిల్లలతో స్కూటరు మీదే తిరిగేవాళ్ళు. చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని, చెంగు చక్రంలో పడకుండా గుప్పిట్లో పట్టుకుని, ఒక పక్కకి కూర్చునేది వదిన. కొత్త కారులో మొదటిసారి ఒక పెళ్ళికి వచ్చారు. నలుగురిలో నేనే నవ్వుతూ, “లక్ష రూపాయల కారంటే ఇదేనా అన్నయ్యా?” అన్నాను. హాస్యమే అనుకున్నాను. ఆ తర్వాత ఏ పెళ్ళికెళ్ళినా అన్నయ్య కారు రెండు వీధుల అవతల ఆపి నడిచొచ్చేవాడట. “స్కూటరు మీద తడుస్తా వచ్చినప్పుడు లేని సిగ్గు, కారులో పొడిగా వచ్చినందుకు పడ్డాం అమ్మాయ్” అంది వదిన, దారిలో. నన్ను దెప్పాలని కాదు, మామూలుగానే. నాకు మాత్రం పులిహోర డబ్బా బరువెక్కింది.

2023లో కామెట్ అని కరెంటు కారొకటి వచ్చింది. పొడవు మూడు మీటర్లు కూడా లేదు, తలుపులు రెండే. వచ్చిన కొత్తలో దాని ధర ఎనిమిది లక్షలకు కాస్త తక్కువ. దాన్ని చూసి ‘ఎంత ముద్దుగా ఉందో!’ అన్నవాళ్ళని నా చెవులారా విన్నాను. అంటే చిన్నదనం ఏనాడూ నామోషీ కాదు. చవకదనమే నామోషీ. నానో గురించి సమీక్ష రాస్తే సగం మార్కులు తయారుచేసిన వాళ్ళకి తగ్గించాలి. మిగతా సగం నాలాంటి పాఠకులకే తగ్గించాలి.

మైపాడులో సముద్రం కనబడగానే పెద్ద పెద్ద కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. వదిన బండి నెమ్మది చేసి, అలవాటు కొద్దీ అడిగింది: “అవతల ఎక్కడన్నా పెట్టేదా, అమ్మాయ్?”

“ఇక్కడే, అందరి ముందూ పెట్టు వదినా” అన్నాను.

రెండు పెద్ద కార్ల మధ్య సందు ఉంది. ఇంకే కారూ పట్టని ఆ సందులో మాది హాయిగా పట్టింది.