వీరరసప్రధాన చిత్రములలో నాయిక : పాత్రపోషణ విచారము

పోతన భాగవత దశమస్కంధమందలి నరకాసురవధ ఘట్టమును తరగతిలో బోధించుచుండగా ఒక విద్యార్థిని నన్నొక ప్రశ్న అడిగినది. సత్యభామ ప్రేమించుచునే యుద్ధము చేయగా, మన చలనచిత్రములలోని వీరవనిత ప్రేమ కలిగిన మఱునిమిషముననే ఆయుధమును ఏల విడుచుచున్నదని ఆమె సందేహము. నాడు నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. ఆ లోపమును పూరించుటకే ఈ వ్యాసము.

చలనచిత్రములను పరిశీలించుటకు మన లక్షణశాస్త్రము చాలదని కొందఱందురు. నాకట్లు తోచదు. భావము ఎవరియందు పుట్టునో వారు ఆశ్రయము. ఎవరిని గూర్చి పుట్టునో వారు ఆలంబనము. శృంగారమున నాయికానాయకులు పరస్పరము ఆలంబనములును, ఆశ్రయములును అగుదురు. నాయికకు తనదైన ఉత్సాహము గాని, క్రోధము గాని, నిర్ణయము గాని లేక, నాయకుని భావమునకు నిమిత్తముగా మాత్రము నిలిచినచో, ఆమె పేరునకే పాత్ర. వెన్నెలకును మలయమారుతమునకును కథలో ఎట్టి స్థానము కలదో ఆమెకును అట్టి స్థానమే మిగులును.

ఈ విచారమునకు ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వమున, వి. విజయేంద్రప్రసాద్ కథతో వెలువడిన 'బాహుబలి' చిత్రద్వయమును గ్రహించుచున్నాను. పూర్వభాగము 2015 జూలై 10వ తేదీనను, ఉత్తరభాగము 2017 ఏప్రిల్ 28వ తేదీనను విడుదలయ్యెను. అది దోషభూయిష్ఠమగుటచే దానిని ఎన్నుకొనలేదు. ఒకే కథలో బలమైన స్త్రీపాత్రలు రెండును, దుర్బలమైన పాత్ర ఒకటియు ప్రక్కప్రక్కన ఉండుటచే ఎన్నుకొంటిని. గుణదోషములు ఒకే చోట దొరకినప్పుడు విమర్శకునకు తూనికఱాళ్లు వేఱే వెదకుకొన నక్కఱలేదు.

దుర్బలమైన పాత్ర అవంతిక. ఆమె కుంతలరాజ్య పక్షమున పోరాడు తిరుగుబాటుదారులలో ఒకతె. శత్రుసైనికులను కూల్చగల సాహసి. మాహిష్మతిలో బందీయైయున్న దేవసేనను విడిపించు కార్యభారము ఆమెపై ఉంచబడినది. ఇట్టి పాత్రకు కావలసిన ఉత్సాహమును, లక్ష్యమును రచయిత ఇచ్చెను. ఇచ్చిన కొలది సేపటికే మరల తీసికొనెను. శివుడు ఆమెకు తెలియకుండ ఆమె చేతిపై రంగులతో చిత్రము వ్రాయును. ఆమె కోపించి ఎదిరింపగా, పోరాటమే నృత్యమగునట్లుగా ఆమె యోధవేషమును తొలగించి, కురులు విప్పి, పెదవులకు పండ్లరసము పూసి అలంకరించును. ఆమె వలదనుచుండగనే ఇది సాగినది. 2015లో ఈ దృశ్యమును గూర్చి పత్రికలలో తీవ్రమైన చర్చ జరిగినది. ఆ చర్చ ముఖ్యముగా నీతికి సంబంధించినది, అది న్యాయమే. నేను పాత్రపోషణను గూర్చి ఒక మాట చేర్చదలచితిని.

నాయకుడు ఆమెలో మఱుగుపడిన స్త్రీత్వమును మేల్కొల్పెనని సమర్థకులు చెప్పుదురు. ఈ సమర్థనమున స్త్రీత్వమును వీరత్వమును ఒకచోట ఇమడవను నమ్మకము దాగియున్నది. ఒకటి మేల్కొనవలెనన్న రెండవది నిద్రింపవలెను! కనుకనే ప్రేమ కలిగిన పిమ్మట ఆమె కార్యమును శివుడు తనదిగా గ్రహించి మాహిష్మతికి ఒంటరిగా పోవును. ఉత్తరభాగమున ఆమె ఉనికి నామమాత్రము. ఇందొక విశేషము కలదు. దేవసేన తన తల్లి యని శివుడు అప్పటి కెఱుగడు. ఆమెను విడిపింపవలెనను సంకల్పము అతనికి అవంతిక వలననే సంక్రమించినది. కథను ముందునకు నడపిన ఉత్సాహము ఆమెది. కథ ఆమెకు ఋణపడి, ఆ ఋణమును మఱచినది.

ఇప్పుడు పోతన సత్యభామను చూడుడు. నరకుడు ఎదురురాగా ఆమె కొప్పు ముడిచి, పయ్యెద బిగించి లేచినది. కృష్ణుడు విల్లు అందించెను. ఆమె ఒకే సమయమున పతిపై అనురాగమును, శత్రువుపై క్రోధమును ప్రకటించినది. శృంగారవీరములకు రెంటికిని ఆమెయే ఆశ్రయము. ఒకటి మఱియొకదానిని హరింపలేదు. పోతనకు పూర్వమే నాచన సోమన తన ఉత్తరహరివంశమున సత్యభామచే యుద్ధము చేయించియుండెను. కాబట్టి ఇది మన కవితలో ఒక పరంపర. అచ్చట నాయకుడు నాయికకు విల్లు అందించినాడు; ఇచ్చట నాయకుడు నాయిక చేతిలోని కార్యమును అందుకొన్నాడు.

తుదకు నరకుని వధించినది కృష్ణుడే గదా, వీరకథలో ముగింపు నాయకునిదే కావలదా యని ఆక్షేపింపవచ్చును. ముగింపు నాయకునిదగుట దోషము కాదు. ఒకరి కార్యమును నెఱవేర్చుట వేఱు, దానిని హరించుట వేఱు. ఈ భేదము 'బాహుబలి' ఉత్తరభాగముననే కనబడుచున్నది. స్త్రీలపై చేయివేసిన సేనాపతి వ్రేళ్లను దేవసేన నఱకినది. సభలో అతని తల నఱకినవాడు అమరేంద్రుడు. ఐనను దేవసేన తగ్గలేదు; ఆమె తీర్పునే అతడు పూర్తిచేసెను. తన ఇష్టము నడుగకయే తనను వధువుగా నిశ్చయించిన శివగామిని ఆమె నిండుసభలో నిలదీసినది. ఆ ప్రశ్నతోనే రాజకుటుంబము రెండుగా చీలుట ఆరంభమైనది. సంకెలలలో గడచిన ఇరువదియైదేండ్లును ఆమె శత్రువు చితికై పుల్లలు ఏఱినది. నిరీక్షణమును సైతము కార్యముగా మార్చిన పాత్ర యిది.

శివగామి ఇంకను గొప్పది. ఏలయన ఆమె పొరపడును. వంచకుల మాట నమ్మి, తాను పెంచిన బాహుబలిని చంపుమని కట్టప్పను ఆజ్ఞాపించినది. నిజము తెలిసిన పిదప అతని శిశువును నీటిపై ఎత్తిపట్టి తాను మునిగిపోయినది. దోషము చేయుటకు అధికారమును, దాని ఫలము ననుభవించుటకు ధైర్యమును గల పాత్రయే సజీవమైన పాత్ర. అవంతికకు పొరపడుటకైనను అవకాశము లేదు.

కావున పోరాటచిత్రములలో స్త్రీపాత్రకు చోటు చాలదను వాదము నిలువదు. అవంతికకు చోటు కొఱవడలేదు. నిలుకడయైన లక్ష్యము కొఱవడినది. ప్రేక్షకులు అదియే కోరుదురను వాదమును నిలువదు. అవంతికను చూచిన ప్రేక్షకులే దేవసేనను ఆదరించిరి. వినోదచిత్రమును ఇంతగా పరీక్షింపవలయునా యని అడుగువారికి నా ఉత్తరమొకటే: కోట్ల జనులు చూచునది పరీక్షింపదగనిదైనచో, మనము పరీక్షింపదగినదేది?

2024లో వచ్చిన 'పుష్ప 2' లో శ్రీవల్లి కోరిక కథను కదల్చును. ముఖ్యమంత్రితో భర్త ఫోటో దిగవలెనని ఆమె కోరినది. ఆ ముఖ్యమంత్రి నిరాకరించుటతో కథ మలుపు తిరుగును. ఆమెకు ఇచ్ఛ కలిగినందుకు సంతోషింపవచ్చును. కాని ఆ ఇచ్ఛకు విషయము భర్త ప్రతిష్ఠయే. అవంతికనుండి శ్రీవల్లివఱకు ఒక అడుగు పడినది. సత్యభామ నిలిచిన చోటికి ఇంకను దూరమున్నది.

ఆ విద్యార్థినికి నేడు నేను చెప్పగల సమాధానమిది. ప్రేమ ఆయుధమును విడిపింపదు. ఆమె ప్రేమను ఆమెదిగా ఊహింపజాలని రచన విడిపించును. నాయిక హృదయమును నాయకుని విజయచిహ్నముగా మాత్రము చూచిన రచయితకు, ఆమె చేతిలో ఆయుధము అడ్డుగా తోచుట సహజమే. సత్యభామను బోధించు మనము, మన విద్యార్థులు నాటి సాయంకాలమే చూడబోవు చిత్రమును గూర్చి మౌనము వహించుట తగదు. పరిశోధకులు ఈ దిశగా శ్రమించినచో లక్షణశాస్త్రమునకు క్రొత్త లక్ష్యములును, చలనచిత్రములకు తగిన విమర్శయు లభింపగలవు.