పోతపాలు పోసే చేతులు

తెలుగులో ‘పోతపాలు’ అని ఒక మాట ఉంది. చనుబాలకు ఎదురుగా నిలబెట్టిన మాట అది. విచిత్రమేమిటంటే ఆ మాటలో పాలు ఎవరివన్నది లేదు, ఎలా ఇచ్చారన్నదే ఉంది. పోశారు కాబట్టి పోతపాలు. అంటే పోసే చెయ్యి ఒకటి ఉందని భాష ఒప్పుకుంటోంది. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం చెప్పదు. పాల గురించి మన సాహిత్యమూ, మన విమర్శా ఇంత మాట్లాడాయి కదా, ఆ చేతి గురించి ఎందుకు మాట్లాడలేదన్నదే నా ప్రశ్న.

పూతన కథ మనందరికీ తెలిసిందే. రొమ్ములకు విషం పూసుకుని వచ్చిన పరాయి ఆడది. పసివాడు పాలతో పాటు ఆమె ప్రాణాలూ తాగేశాడు. మనం సాధారణంగా పట్టించుకోని సంగతి ఏమిటంటే, చన్నిచ్చినందుకు పూతనకు తల్లికి దక్కే గతే దక్కిందని భాగవతం చెబుతుంది. చంపడానికి ఇచ్చినా సరే, ఇచ్చింది చన్ను గనక తల్లి లెక్కే! ఇప్పుడు మన ఇళ్ళలో పాలు మాన్పించే తంతు గుర్తు చేసుకోండి. తల్లి తన రొమ్ముకు తానే వేపాకు ముద్ద రాసుకుంటుంది. పిల్ల నోరు పెట్టి, మొహం చిట్లించి, ఏడ్చి ఊరుకుంటుంది. రాక్షసికి అంటగట్టిన పనినే ప్రతి తల్లీ ఒకనాడు చేస్తుంది, విషం బదులు చేదుతో. పాలివ్వని క్షణంలో తల్లిని పూతనగా తప్ప చూడలేని ఊహలోనే మనం పెరిగాం. ఉద్యోగానికి వెళ్ళే తల్లి పాలసీసా చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమెను కమ్ముకునే అపరాధభావం ఆమె సొంతం కాదు. దానికి ఇంత పాత చరిత్ర ఉంది.

ఉగ్గుగిన్నె సంగతి ఇంకా ఆసక్తికరం. ఒక పక్కకి ముక్కు సాగి ఉండే చిన్న గిన్నె. ఇత్తడిదో, ఉన్నవాళ్ళింట్లో వెండిదో. జీవిత చరిత్రల్లో మనకి తరచూ కనబడే మాట: ఫలానా మహానుభావుడికి దేశభక్తిని తల్లి ఉగ్గుపాలతో రంగరించి పోసింది. కానీ ఉగ్గు చన్ను నుంచి రాదు కదా! గిన్నెలోంచి వస్తుంది. చాలా ఇళ్ళలో ఆ గిన్నె పట్టుకున్నది అమ్మమ్మో, నాయనమ్మో, మంత్రసానో. కాళ్ళు చాచుకుని కూర్చుని, వాటి మీద పసిగుడ్డును పడుకోబెట్టుకుని, చుక్క చుక్కగా పోసిన ఆ ముసలి చేతుల పనంతా తల్లి ఖాతాలో పడింది. కీర్తి వచ్చినప్పుడు తల్లికి, నింద వచ్చినప్పుడు ‘పోతపాల బిడ్డ’ అన్న ఎత్తిపొడుపు. గిన్నెకి మాత్రం ఏదీ దక్కలేదు. చన్ను పట్టలేని నెలతక్కువ పిల్లల కోసం నవజాత శిశువుల వార్డుల్లో నర్సులు ఇప్పటికీ ఆ గిన్నెనే వాడుతున్నారు. తమిళంలో దాన్ని పాలాడై అంటారు. మూలల్లేకుండా కడగవచ్చు, సీసా కంటే శుభ్రం.

మన స్త్రీవాద కవిత్వం శరీరం గురించి ధైర్యంగా మాట్లాడింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ చదివి ఉలిక్కిపడ్డవాళ్ళు తర్వాత ఆ ఉలికిపాటుకి సిగ్గుపడ్డారు. పురుడు మాటల్లోకి వచ్చింది, గర్భస్రావం వచ్చింది. పురుడు అయిన మూడో నెల మాత్రం పెద్దగా రాలేదనిపిస్తుంది. అటు సిద్ధాంతం వైపు చూస్తే, 1975లో వచ్చిన ‘మెడూసా నవ్వు’ వ్యాసంలో హెలెన్ సిక్సూ స్త్రీ తెల్లని సిరాతో రాస్తుందంటుంది. సిరా అంటే చనుబాలే. ఎం.ఏ. క్లాసులో చెప్పడానికి చాలా అందమైన ఊహ. కానీ ఆ సిరాతో రాస్తున్న గంటలో పిల్ల ఎవరి ఒళ్ళో ఉంది? క్లాసు మధ్యలో పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసినప్పుడు కొంగు సర్దుకునే అధ్యాపకురాలికి తెల్ల సిరా ఉపమానం కాదు, మరక.

సరే, సాహిత్యం చెప్పని ఆ మూడో నెల గురించి రాసేది సలహా పుస్తకాలు. చనుబాలకు అలవాటైన పిల్లకు సీసా పట్టించడం ఎలా? ఈ పాఠాలను నేను పనిగట్టుకుని చదివాను, మొదట అవసరం కొద్దీ, తర్వాత పరిశోధకురాలిగా. వాటిలో పనికొచ్చే జ్ఞానం బోలెడు. మొదటి మూడు నాలుగు వారాలు చన్ను పట్టడం బాగా కుదిరాకే సీసా మొదలుపెట్టాలి. పిల్ల ఆకలితో గుక్కపట్టకముందే, కాస్త మగతగా ఉన్నప్పుడు ఇవ్వాలి. పిండిన పాలు గోరువెచ్చగా ఉండాలి, పాలపీకను కూడా ఆ పాలలో ముంచాలి. చన్ను దగ్గర పిల్ల నాలుకతో, దవడతో లాగితే తప్ప పాలు రావు, చేపు వచ్చేదాకా ఆగాలి. సీసా అయితే ఒంచగానే ధారగా వచ్చి పడుతుంది, పిల్లకి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అందుకని పిల్లను నిటారుగా కూర్చోబెట్టుకుని, సీసాను అడ్డంగా పట్టుకుని, మధ్యమధ్య ఆపుతూ తాగించాలి. ఏడిస్తే బలవంతం చెయ్యకూడదు. కొందరు పిల్లలు ఏం చేసినా పట్టరు. పగలంతా కాసిని చుక్కలతో సరిపెట్టుకుని, రాత్రి తల్లి వచ్చాక తెల్లవార్లూ తాగుతారు. అలాంటివాళ్ళకు కప్పో, మన ఉగ్గుగిన్నో మేలు.

ఇదంతా నిజమే. నా దృష్టి ఆగింది మరో రెండు వాక్యాల మీద. ఒకటి, సీసా తల్లి కాకుండా వేరే ఎవరైనా పట్టాలి. రెండు, ఆ సమయంలో తల్లి గదిలో ఉండకూడదు, ఎందుకంటే ఆమె వాసన తగిలితే పిల్ల చన్నే అడుగుతుంది. తల్లి ఉండటమే అడ్డంకి అయిన పాఠం ఇది. అయినా మొదటినుంచి చివరిదాకా ‘మీరు’ అని సంబోధించేది ఆమెనే. పాలు పిండి, గది వేడిలో నాలుగు గంటలనీ, ఫ్రిజ్‌లో నాలుగు రోజులనీ లెక్కలు కట్టి, సీసాలు మరిగించి, తర్వాత మాయం కావలసింది ఆమే. గదిలో మిగిలిన ‘వేరే ఎవరైనా’కి మాత్రం ఒక్క వాక్యమూ చెప్పరు. వ్యాకరణంలో ఆ మనిషి కర్త, పాఠంలో అనామకురాలు. (ఆ మనిషి తండ్రి కూడా కావచ్చునని రాసిన పాఠాలున్నాయి. వాటిని కల్పనా సాహిత్యంలో చేర్చవచ్చేమో!)

డబ్బాపాల మీద చట్టానిదీ ఇలాంటి పాఠమే. అంతర్జాతీయ నియమావళి 1981లో వచ్చింది. మన దేశంలో 1992 చట్టం, 2003లో దానికి సవరణ, పాలడబ్బాల, సీసాల ప్రకటనలను నిషేధించాయి. కంపెనీలు బాలింతల భయాన్ని అమ్ముకున్న చరిత్ర తెలిసినవాళ్ళెవరూ ఆ చట్టాన్ని కాదనరు, నేనూ కాదనను. ఆ చట్టం ప్రకారం డబ్బా మీద స్త్రీ బొమ్మ గానీ, శిశువు బొమ్మ గానీ ఉండకూడదు. తల్లిపాలే శ్రేష్ఠమన్న హెచ్చరిక మాత్రం ఉండి తీరాలి. తల్లి బొమ్మగా నిషిద్ధం, ఉపదేశంగా తప్పనిసరి. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలు తల్లిపాలే అన్నది 2001లో. మన ప్రసూతి సెలవు చట్టం 12 వారాల నుంచి 26 వారాలకు కదిలింది 2017లో. మధ్య పదహారేళ్ళు పెట్టిన సీసాల గురించి ఎవరూ జవాబు చెప్పలేదు. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీకి 2017 తర్వాత కూడా సెలవు దొరకడం అదృష్టమే. నేను పనిచేసిన చోట ప్రసూతి సెలవు మాట ఎత్తితే వచ్చే సెమిస్టర్‌కి పేరు ఉండదేమో చూసుకోమన్నారు. డెబ్భైయ్యో రోజున క్లాసుకి వెళ్ళాను.

మా పాపకి సీసా అలవాటు చేసింది మా ఇంట్లో పనికి కుదిరిన అమ్మాయి. మూడు రోజులు పట్టింది. చీర కొంగు పాప మొహం మీదికి రాకుండా దోపుకుని, వరండాలో నడుస్తూ పట్టింది. ‘కూర్చుంటే మీరనుకుంటదమ్మా, నడుస్తుంటే మర్చిపోతది’ అంది. ఏ పుస్తకంలోనూ నేను చదవని కిటుకు అది. పది నెలల కొడుకుని ఊళ్ళో తల్లి దగ్గర వదిలి వచ్చింది తను. మధ్యాహ్నాలు తనకీ పాలు చేపుకొచ్చేవి. పెరట్లోకి వెళ్ళి పిండి పారబోసేది. ఫ్రిజ్‌లో నా పాలకు నాలుగు రోజుల ఆయుష్షు, తన పాలకు తులసికోట పక్క మట్టి.

మహాశ్వేతాదేవి ‘స్తనదాయిని’ని మళ్ళీ చదవాలనిపించింది ఇక్కడే. గాయత్రి స్పివాక్ ఇంగ్లీషు అనువాదం, దాని మీద ఆమె విశ్లేషణ 1987 నుంచి మన యూనివర్సిటీల్లో పాఠ్యాంశాలయ్యాయి. హల్దార్ల ఇంటి కారు కింద భర్త కాళ్ళు పోతే, ఆ ఇంటి పిల్లలకే పాలిచ్చి సంసారం లాగిన జశోద, చివరికి రొమ్ము కాన్సర్‌తో ఎవరూ లేకుండా పోతుంది. కనని తల్లికి పురాణం పెట్టిన పేరునే రచయిత్రి ఈ జీతపు తల్లికి పెట్టింది. ఆ కథను జాతికి ప్రతీకగా, స్త్రీ శ్రమ దోపిడీగా మనం ఎన్నో సెమినార్లలో చదివాం. హల్దార్ల కోడళ్ళ వైపు నుంచి చదవడం తక్కువ. జశోద పాలివ్వబట్టే వాళ్ళ ఒళ్ళు కుదుటగా ఉంది, వాళ్ళకి తీరిక దొరికింది. వాళ్ళు చెడ్డవాళ్ళని రచయిత్రి ఎక్కడా అరిచి చెప్పదు. టోనీ మారిసన్ ‘బిలవెడ్’లో సెథె చిన్నతనాన పాలిచ్చిన నాన్ దగ్గర ముందు తెల్లవాళ్ళ పిల్లలు తాగాక మిగిలితేనే ఆమె వంతు. పెద్దయ్యాక తన పాలను దొంగిలించారన్న సెథె ఆక్రోశానికి మూలం ఆ మిగులులోనే ఉంది. పాలు ఎవరివన్నది కాదు, ముందు ఎవరికన్నది లెక్క.

సీసా ఈ లెక్కను కాస్త మార్చింది. ఇప్పుడు పనమ్మాయి రొమ్ము మనకు అక్కర్లేదు, చేతులు చాలు. జశోద కంటే ఆమెకిది మెరుగే, కాదనలేం. ఆమె పాలు ఆమెవే, పారబోసుకునే స్వేచ్ఛతో సహా. తల్లి ఉద్యోగ కథలు మన దగ్గర చాలానే వచ్చాయి. వాటిలో ఆయా వస్తుంది, సెలవు పెడుతుంది, ఇబ్బంది పెడుతుంది, వెళ్ళిపోతుంది. వరండాలో నడుస్తున్నంతసేపు ఆమె ఏమనుకుందో చెప్పే కథ కోసం నేను వెతుకుతున్నాను. అది మన చేత రాయబడే కథ కాకపోవచ్చు.